కార్లకీ ఓ బుట్టచేతుల కాలం!

మీ పెళ్ళి ఆల్బం ఒకసారి బీరువాలోంచి తియ్యండి. మీది చేతికందకపోతే మీ అత్తగారిదైనా సరే. అందులో ఊరేగింపు ఫొటో ఒకటి ఉంటుంది చూడండి... బంతిపూల దండలు కట్టిన కారు, వెనక సీట్లో తలవంచుకు కూర్చున్న పెళ్ళికూతురు. ఆ ఫొటో ఇవాళ్టి పిల్లలకి చూపిస్తే ముందు దేన్ని చూసి నవ్వుతారు? బుట్టచేతుల జాకెట్టుని చూసి! ఆ తర్వాత పెళ్ళికొడుకు చెవుల మీదికి దిగిన క్రాపుని చూసి. పట్టుచీరని చూసి మాత్రం నవ్వరు. "ఇది ఇంకా ఉందా? నాకిచ్చెయ్యవా?" అని అడుగుతారు.

మరి కారు సంగతో? అంబాసిడర్ అయితే "అబ్బ, ఎంత బావుందో!" అంటారు. 1985 ప్రాంతాల డబ్బాలాంటి కారయితే పెదవి విరుస్తారు. 1999 నాటి గుండ్రటి కారయితే అసలు పట్టించుకోనే పట్టించుకోరు. వయసులో చిన్నదేమో పాతగా కనిపిస్తుంది, పెద్దదేమో ముద్దొస్తుంది. ఇదేం చోద్యం అంటారా? చీరల్లోనూ నగల్లోనూ మనకి తెలిసిన చోద్యమే ఇది. కార్లలో ఎలా జరిగిందో ఈ వారం చూద్దాం.

"కార్ల గొడవ మగవాళ్ళది, మనకెందుకండీ" అనకండి. ఇల్లూ, పిల్లల పెళ్ళిళ్ళూ పక్కన పెడితే చాలా కుటుంబాల్లో ఒక్కసారిగా చేసే పెద్ద ఖర్చు కారే. బాగా నడుస్తున్న బండిని "మోడల్ పాతదైపోయింది" అన్న ఒక్క కారణంతో అమ్మేసి, కొత్తగా లక్షల అప్పు నెత్తికెత్తుకునే ఇళ్ళు ఎన్ని లేవు? ఆ నెలవాయిదా సర్దుకోవలసింది మన ఇంటి లెక్కల్లోనే కదా!

బాగా పాతబడితే అదే కొత్త

జేమ్స్ లేవర్ అని ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేస్తూ దుస్తుల చరిత్ర మీద పుస్తకాలు రాశాడు. 1937లో ఆయన ఫ్యాషన్ల వయసుకి ఒక లెక్క కట్టాడు. మోజు తీరిపోయిన దుస్తు 10 ఏళ్ళకి అసహ్యంగా కనిపిస్తుందట. 20 ఏళ్ళకి నవ్వొస్తుందట. 30 ఏళ్ళకి సరదాగా, 50 ఏళ్ళకి ముచ్చటగా ఉంటుందట. నూరేళ్ళు దాటాయా, ఇక అది కలలో వస్తువే! ఆయన చెప్పింది దొరసానుల గౌన్ల గురించి. కానీ కార్లకీ అతికినట్టు సరిపోతుంది.

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుపురంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 ప్రాంతంలో నిజాం కోసం తయారైన బండి అది. దాని ముందు నిలబడి "పాత మోడలండీ" అని మొహం చిట్లించే వాళ్ళుంటారా? అదే 2010లో కొన్న మన కారుని మాత్రం "ఇంకా ఇదే వాడుతున్నారా?" అని పక్కింటావిడ అడగనే అడుగుతుంది. అంటే మన కారుకి ఇప్పుడు నడుస్తున్నది గడ్డుకాలం అన్నమాట. కొత్తదీ కాదు, పురాతనమూ కాదు. పదో తరగతి పిల్లవాడి మీసాల్లా మధ్యలో ఉంది!

పాతది చేసేవాళ్ళు ఎవరు?

ఇంతకీ కారు దానంతటది పాతదవుతుందా? ఇంజను అరుగుతుంది, టైర్లు అరుగుతాయి, రంగు వెలుస్తుంది. అది సహజం. రూపం మాత్రం అరగదు కదా! రూపం పాతబడాలంటే పక్కన ఇంకో రూపం రావాలి. అది వచ్చేలా చూసేవాళ్ళు వేరే ఉన్నారు.

ఈ కథ అమెరికాలో మొదలైంది. ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా మోడల్ టి అనే ఒకే రకం కారుని ఇంచుమించు ఒకే రూపంలో తయారు చేసింది. గట్టి బండి, చవక బండి. అటువంటి కారు కొన్నవాళ్ళు మళ్ళీ కొత్తది ఎందుకు కొంటారు? పోటీ కంపెనీ జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ దీనికి ఉపాయం ఆలోచించాడు. ఏటా రూపం కాస్త మార్చాలి. మార్చితే నిరుటి కారు చూడగానే నిరుటిదని తెలిసిపోవాలి. అందుకోసమే 1927లో హార్లీ ఎర్ల్ అనే ఆయన్ని పెట్టి, కారు రూపురేఖలకంటూ ప్రత్యేకంగా ఒక శాఖే తెరిచారు.

ఈ ఎర్ల్‌గారికి రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి లాక్‌హీడ్ పి-38 విమానం మీద కన్ను పడింది. దాని జంట తోకలు నచ్చాయి. ఇంకేముంది, 1948 కాడిలాక్ కారుకి వెనకవైపు చిన్న రెక్కలు మొలిచాయి! అవి చూసి మిగతా కంపెనీలూ రెక్కలు తొడిగాయి. ఏడాదికేడాది ఎత్తు పెరిగి పెరిగి, 1959 కాడిలాక్ దగ్గరికొచ్చేసరికి నిలువెత్తు రెక్కలూ, వాటి మధ్యన రాకెట్ మంటల్లాంటి ఎర్ర దీపాలూ! మన బుట్టచేతులు కూడా అంతే కదా. మొదట భుజం దగ్గర రెండు కుచ్చులు, చివరికి భుజానికో బుట్ట! ఆ మోజు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగానూ పోయింది. 1965కల్లా కాడిలాక్ రెక్కలు రాలిపోయాయి.

ఆ రెక్కల వల్ల కారులో కూర్చున్నవాళ్ళకి ఒరిగిందేమీ లేదు. పైపెచ్చు రోడ్డు మీద నడిచేవాళ్ళకి, సైకిళ్ళ మీద వెళ్ళే పిల్లలకి గుచ్చుకుని గాయాలయ్యేవి. 1965లో రాల్ఫ్ నాడర్ అనే ఆయన అమెరికా కార్ల లోపాలన్నీ ఏకరువు పెడుతూ రాసిన పుస్తకంలో ఈ రెక్కల్ని కూడా గట్టిగా దుమ్మెత్తిపోశాడు. చూసేవాళ్ళ కళ్ళ కోసం పెట్టిన సోకు ఎవరి ప్రాణానికో వచ్చిందన్నమాట.

మన బండ్లు ఎందుకు పాతబడలేదు?

మన దేశంలో ఆ రోజుల్లో ఈ ఏటేటా మార్చే ఆట సాగలేదు. కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. ఎవరు ఎన్ని తయారు చెయ్యాలన్నదీ లైసెన్సుల ప్రకారమే. కొనేవాళ్ళు క్యూలో నిలబడి ఉంటే అమ్మేవాళ్ళకి కొత్త రూపం తెచ్చే అవసరం ఏముంటుంది?

అందుకే అంబాసిడర్ అన్నేళ్ళు నడిచింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చులే తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టారు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి. ముందు గ్రిల్ మారింది, లైట్లు మారాయి, తర్వాత తర్వాత ఇంజనూ మారింది. ఒళ్ళు మాత్రం అదే. 2014 మే నెలలో ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా అదే! పక్కన కొత్తది లేనప్పుడు ఇది పాతదని ఎవరికి తోస్తుంది? కలెక్టరుగారికీ అదే, పెళ్ళివారికీ అదే, తిరుపతి కొండకి అద్దెకు మాట్లాడుకున్నా అదే.

బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు చేసిన ఫియట్ కథా ఇలాంటిదే. మొదట్లో వచ్చిన ఫియట్ 1100కి ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. దిగడానికి సులువే కానీ, నడుస్తుండగా గడియ ఊడిందంటే గాలికి తలుపు బార్లా తెరుచుకునే ప్రమాదం! 1964లో వచ్చిన డిలైట్ మోడల్లో అది సరిచేశారు. అదే 1970లలో పద్మినిగా పేరు మార్చుకుంది. పద్మిని వెనకభాగం ఎప్పుడైనా పరీక్షగా చూశారా? అటూ ఇటూ చిన్న చిన్న రెక్కలుంటాయి. అమెరికాలో 1965కే మాసిపోయిన మోజు, పద్మిని తోక మీద ఇంకో 35 ఏళ్ళపాటు బతికింది! 2023 అక్టోబరులో ముంబయి రోడ్ల మీద నుంచి ఆఖరి పద్మిని టాక్సీ తప్పుకున్నప్పుడు పత్రికలన్నీ దాని ఫొటో వేసుకుని బెంగపడ్డాయి.

ఇక మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఇది 1960లలో షోకైన కారు. ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి గీసిన రూపం. దీనికీ రెక్కలున్నాయి. కానీ తలుపులు రెండే! వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని లోపలికి దూరాలి. పట్టుచీర కట్టుకున్న అత్తగారిని ఆ సందులోంచి ఎక్కించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి! ఇంగ్లండులో ఆ కారు చివరిదాకా రెండు తలుపులతోనే ఉంది. మన దేశంలో మాత్రం 1960ల చివర్లో నాలుగు తలుపుల హెరాల్డ్ తెచ్చారు. అది ఒక్క మన దగ్గరే తయారైంది. ఉమ్మడి కుటుంబం ముందు షోకు కాస్త తలవంచిందన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అంబాసిడర్‌లో ఇవాళ్టికీ మనకి నచ్చేవి ఏవి? ఎత్తయిన పైకప్పు, సోఫాలాంటి వెనక సీటు, తలెత్తుకుని కూర్చునే వీలు. మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ సైతం సులువుగా ఎక్కి దిగగలదు. ఇవన్నీ లోపల కూర్చునే మనిషి కోసం చేసినవి. అవి పాతబడలేదు. రెక్కలూ, తళతళలాడే క్రోమియం పట్టీలూ వీధిలోవాళ్ళ కోసం చేసినవి. ముందు పాతబడింది అవే. చీర నేతలో ఉంటే తరాలు నిలుస్తుంది, తగిలించిన చమ్కీ నాలుగు ఉతుకులకి రాలిపోతుంది. గద్వాల చీరకీ, వెంకటగిరి చీరకీ వయసు రాకపోవడం అందుకే.

డబ్బాలూ సబ్బుబిళ్ళలూ

1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. 1986లో రూపం మార్చుకుంది. ఆ తర్వాత చిన్న చిన్న మార్పులతో 2014 జనవరి వరకూ నడిచింది. అంబాసిడర్ పక్కన నిలబెడితే సబ్బుపెట్టెలా ఉండేది. "ఇదేం కారండీ, బొమ్మకారు!" అన్నవాళ్ళున్నారు. 1970లలో పెట్రోలు ధరలు మండిపోయాక ప్రపంచమంతా కార్లు చిన్నవైపోయి, అంచులు తిన్నగా, పెట్టెల్లా తయారయ్యాయి. చిన్న కొలతలో ఎక్కువ చోటు కావాలంటే పెట్టె ఆకారమే మేలు. మన వంటింట్లో గుండ్రటి డబ్బాలకన్నా పలకల డబ్బాలు అలమరలో ఎక్కువ పట్టవూ? అదే లెక్క.

ఆ రూపాన్ని అందగత్తె అని ఇవాళ ఎవరూ అనరు. కానీ అంబాసిడర్ స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పెట్టేవి. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనుండి మొరాయించేది. మారుతి వచ్చాక స్టీరింగ్ తేలిక, గేరు చేతికింద, నాలుగువైపులా పెద్ద అద్దాలు, ఇరుకు సందులోనూ తిరిగే చిన్న ఒళ్ళు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు కారు నడపడం మామూలు విషయం అయిందంటే అందులో ఆ సబ్బుపెట్టెకి పెద్ద వాటా ఉంది. హైదరాబాదుతో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు మారి దాని అమ్మకం ఆగిపోయింది. రూపం పాతబడినందుకు కాదు సుమండీ!

1993లో కార్ల తయారీకి లైసెన్సులు అక్కర్లేదన్నారు. ఆ ఏడే మారుతి జెన్ వచ్చింది. తర్వాత సియెలో, ఎస్కార్ట్, ఆస్ట్రా వరసకట్టాయి. అన్నీ కరిగిన సబ్బుబిళ్ళల్లా గుండ్రంగా! గాలిని చీల్చుకుపోతే పెట్రోలు ఆదా అని లెక్కలు. ఇవి ఇప్పుడు లేవర్‌గారి గడ్డుకాలం దాటి సరదా మెట్టు ఎక్కుతున్నాయి. ఇంకో పదిహేనేళ్ళు పోనివ్వండి, జెన్‌ని చూసి కూడా "ఎంత ముద్దుగా ఉందో!" అంటారు.

వెక్కిరించిన ఎత్తే వెలిగింది

1998లో శాంత్రో, 1999లో వ్యాగన్ ఆర్ వచ్చాయి. రెండూ పొట్టిగా, ఎత్తుగా ఉండేవి. రూపం చూసి చాలామంది నవ్వారు. వ్యాగన్ ఆర్‌ని రొట్టెల పెట్టె అన్నారు. కానీ ఒక్కసారి కూర్చున్నవాళ్ళు నవ్వడం మానేశారు. ఎందుకంటే ఆ సీటు మన కుర్చీ ఎత్తులో ఉంటుంది. చీర కట్టుకున్నా సరే, లోపలికి జారిపడక్కర్లేదు, బయటికి పాకి రానక్కర్లేదు. తలుపు తీసి కూర్చోవడమే! 2019లో వ్యాగన్ ఆర్‌కి మూడో రూపం వచ్చింది. ఎత్తు మాత్రం వదల్లేదు. 2022లో దేశం మొత్తం మీద అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు అదే. వచ్చిన కొత్తల్లో అందం అనిపించుకున్న ఎన్నో కార్ల పేర్లు కూడా ఇవాళ మనకి గుర్తు లేవు.

"ఆ ఇనుము ఇప్పుడేదీ?"

ఇక అసలైన మాట. పాత కార్లంటే మురిసిపోయేవాళ్ళు, ముఖ్యంగా మన మామగారి తరంవాళ్ళు, ఒక మాట తప్పకుండా అంటారు. "అప్పటి బండ్లు ఇనుప గుండ్లమ్మా! ఇప్పటివి అట్టముక్కలు. గుద్దితే నుజ్జే." ఇది నమ్మి పాత బండిలో పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్ళేవాళ్ళున్నారు. అందుకే ఈ సంగతి కాస్త జాగ్రత్తగా చదవండి.

2009లో అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే బీమా కంపెనీల సంస్థ ఒక పరీక్ష పెట్టింది. 1959 నాటి షెవర్లె బెల్ ఎయిర్, 2009 నాటి షెవర్లె మాలిబూ. ఒకే కంపెనీ కార్లు, మధ్యలో 50 ఏళ్ళు. రెండింటినీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. లోపల మనుషుల బదులు బొమ్మలు పెట్టారు. పాత కారేమో రెక్కలతో, క్రోమియంతో, ఇనుముతో నిండుగా ఉంది. ఏమైందనుకుంటున్నారు? పాత కారులో డ్రైవరు కూర్చునే చోటు చితికిపోయింది. మనిషే ఉండి ఉంటే ప్రాణం దక్కేది కాదన్నారు. కొత్త కారు ముందుభాగం నుజ్జయింది కానీ, లోపలి గది చెక్కుచెదరలేదు. డ్రైవరుకి కాలికి చిన్న దెబ్బతో పోయేదట.

రహస్యం ఏమిటంటే, కొత్త కారు ముందుభాగాన్ని నలగడానికే చేస్తారు. అది నలుగుతూ దెబ్బ వేగాన్ని తను మింగుతుంది. మనుషులు కూర్చునే గదిని మాత్రం గట్టిగా ఉంచుతారు. గాజుగ్లాసు పార్సిల్ పంపేటప్పుడు చుట్టూ మెత్తగా కాగితాలు కుక్కుతాం కదా, అలా అన్నమాట. పాత కారులో ఆ మెత్తదనం లేదు. పైగా చాలావాటిలో ఇనుప డాష్‌బోర్డు, గుండెకి గురిపెట్టిన స్టీరింగ్ కడ్డీ! మన దేశంలో ముందు సీట్లకి బెల్టులు బిగించి ఇవ్వాలన్న నియమమే 1994లో వచ్చింది.

అలాగని కొత్త రూపం ఉంటే చాలు, క్షేమం అనుకోకండి. 2014లో మన దగ్గర అమ్మే అయిదు పేరున్న చిన్నకార్లని, ఎయిర్‌బ్యాగులు లేని రకాల్ని, గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్దించి చూస్తే అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి! చూడ్డానికి అన్నీ తాజా మోడళ్ళే మరి. 2023 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టింది. కొనబోయే కారుకి ఎన్ని నక్షత్రాలో అడగడం మన హక్కు.

ఇవాళ్టి బుట్టచేతులు ఏవి?

ఇప్పుడు మన చుట్టూ ఉన్న కార్లలో రేపు నవ్వొచ్చేవి ఏవో ఊహించగలమా? కొంతవరకూ ఊహించవచ్చు. "ఇది కూర్చునేవాళ్ళ కోసమా, చూసేవాళ్ళ కోసమా?" అని అడిగితే చాలు.

మొదటిది ఆ పెద్ద టీవీ తెర. ఏసీ తగ్గించాలన్నా తెర మీదే వెతుక్కోవాలి. కళ్ళు రోడ్డు మీద ఉండవలసిన సమయంలో తెర మీద ఉంటాయి. యూరప్‌లో కార్ల భద్రతకి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ, 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే హారన్, వైపర్లు, ఇండికేటర్లు వంటి ముఖ్యమైనవాటికి చేత్తో తడిమి తెలుసుకోగల మీటలుండాలని ముందే ప్రకటించింది. మీట మళ్ళీ వస్తోందన్నమాట.

రెండోది సన్నగా, ఎత్తుగా జరిగిపోతున్న కిటికీలు. తలుపుల స్తంభాలు లావెక్కడానికి న్యాయమైన కారణముంది. బండి పల్టీ కొడితే పైకప్పు కూలకూడదు. కానీ కిటికీ అంచు పైకి పోవడంలో సగం షోకే. వెనక సీట్లో చిన్నపిల్లలకి బయట ఏమీ కనిపించదు. అంతకన్నా ముఖ్యం, నడిపేవాళ్ళకి వెనక ఉన్న చిన్నపిల్లలు కనిపించరు! బానెట్ ఎత్తుగా ఉన్న పెద్ద బండ్లలో ముందు నిలబడ్డ పసివాడూ కనిపించడు. ఇంటి ఆవరణలో కారు కదిలే ప్రతిసారీ, పిల్లలు ఎక్కడున్నారో ఒకరు చూసి చెప్పాకే కదలాలని ఇంట్లో ఒక నియమం పెట్టండి. కెమెరా ఉన్నా సరే.

మూడోది ముందు బంపర్‌కి బిగించుకునే ఇనుప గొట్టాల కంచె. ఇది అచ్చం ఆనాటి రెక్కల వంటిదే. నడిచేవాళ్ళకి తగిలితే ఎముకలు విరుగుతాయి. దెబ్బని పసిగట్టి ఎయిర్‌బ్యాగు తెరిచే ఏర్పాటు కూడా దీనివల్ల దెబ్బతినవచ్చు. 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి చెప్పింది. మీ అబ్బాయి ముచ్చటపడినా వద్దనండి.

కొత్తది కొనేముందు, పాతది అమ్మేముందు

"కొత్త మోడల్ వచ్చిందమ్మా!" అని ఇంట్లో ఎవరైనా గంతులేస్తే ఏం మారిందో అడగండి. చాలాసార్లు మారేవి ముందు గ్రిల్, బంపర్, దీపాలు, సీటు గుడ్డ. ఇనుప రేకుల్ని కొత్త ఆకారంలో నొక్కాలంటే కొత్త అచ్చులకి కోట్లు కావాలి. ప్లాస్టిక్ బంపర్ మార్చడం తేలిక. అందుకే మూడు నాలుగేళ్ళకోసారి మొహం మాత్రం కడుగుతారు. జాకెట్టు మార్చి కొత్త చీర అన్నట్టు!

మీ కారు మొహం వాడిపోయినట్టుంటే దీపాల వైపు చూడండి. పాత కార్ల గుండ్రటి దీపాలకి గాజు ఉండేది, పసుపెక్కేది కాదు. ఇప్పటివి ఒక రకం ప్లాస్టిక్. పైన పల్చటి రక్షణపూత ఉంటుంది. ఎండకి అది పోయి, దీపం కళ్ళకి పొర కమ్మినట్టవుతుంది. కారుకి పదేళ్ళ వయసు ఎక్కువ కనిపించేది దీనివల్లే. రాత్రిపూట వెలుగు కూడా తగ్గుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే మెరుస్తుంది కానీ, కొన్నాళ్ళకే మళ్ళీ పసుపెక్కుతుంది, పూత లేదు కనక. మెకానిక్ దగ్గర పాలిష్ పట్టించి, ఎండని ఆపే పూత మళ్ళీ వేయించండి. తర్వాత నీడలో పెట్టుకోండి. దీపాలు తేటపడి, సీట్లు శుభ్రంగా ఉతికించి, బంపర్ గీతలకి రంగు వేయిస్తే "కారు మార్చారా?" అని అదే పక్కింటావిడ అడుగుతుంది.

మరి ఎప్పుడు మార్చాలి? బ్రేకులు, ఛాసిస్ తుప్పు, ఎయిర్‌బ్యాగులు లేకపోవడం... ఇవి మార్చడానికి మంచి కారణాలు. పిల్లలతో తరచు దూర ప్రయాణాలు చేసేవాళ్ళకి మరీను. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజులు బాగా పెరిగాయి. అది కూడా లెక్కలో వేసుకోండి. తాతగారి పద్మినినో అంబాసిడర్‌నో ప్రేమగా దాచుకున్నారా? చాలా సంతోషం. పండక్కి బయటికి తీసి, ఊళ్ళో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. హైవే మీదకి మాత్రం వద్దు. పాత పట్టుచీర కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడం కదా!

కొత్తది కొనడానికే నిశ్చయించుకుంటే, షోరూముకి మీరూ వెళ్ళండి. రోజూ కట్టే చీరతోనే వెళ్ళండి. అందరూ బయట నిలబడి బానెట్ తడుముతుంటే మీరు వెనక తలుపు తీసి కూర్చోండి. మోకాలు సీటుకి తగులుతోందా? కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోందా? ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని దిగగలరా? బెల్టు సులువుగా అందుతోందా? తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని, తెర వైపు చూడకుండా ఏసీ తగ్గించగలరేమో చూడండి. మీ అత్తగార్ని కూడా వెంట తీసుకెళ్ళారనుకోండి, ఇంకా మంచిది. ఆవిడ మోకాళ్ళు చెప్పినంత నిజం ఏ సేల్స్‌మనూ చెప్పడు!